రక్తపుపోటు – గృహస్థుల యుపేక్ష

ధవళేశ్వరము ఆనకట్టయొద్ద గోదావరి నీటిమట్టము 11.75 అడుగులు కాగానే మొదటి ప్రమాద సూచనను, 13.75 అడుగులు కాగానే రెండవదానిని, 17.75 అడుగులు కాగానే మూడవదానిని అధికారులు ప్రకటించుదురు. వరద దినములలో కోనసీమ రైతు ఈ యంకెలను పూటపూటకు విచారించుచుండును. నీరు చేనిలోనికి వచ్చిన పిమ్మట గట్టునకు మన్ను వేయవచ్చునని యూరకుండు వాడొక్కడును లేడు. అంతటి జాగరూకుడగు ఆ రైతునే, తన దేహములోని నాళములయందు రక్త మెంత యొత్తిడితో పారుచున్నదో చెప్పుమని యడుగుడు. తెలియదనును. పట్టణవాసులగు విద్యావంతుల స్థితియు నింతే. తమ సర్వే నంబరులను, బ్యాంకు బాకీలను, కోర్టు వాయిదాలను కంఠస్థముగా నప్పగింపగల పెద్దమనుష్యులు తమ రక్తపుపోటు నడిగినప్పుడు నీళ్లు నమలుచున్నారు.

ఈ యుపేక్షకు మూల్యము స్వల్పము కాదు. భారత వైద్య పరిశోధన మండలివారి తోడ్పాటుతో దేశమంతట జరిగి 2023లో ప్రకటింపబడిన పరిశీలన ప్రకారము, మన దేశమున ఇరువది యేండ్లు నిండినవారిలో రమారమి 31 కోట్లమంది, అనగా నూటికి ముప్పదియైదుగురు, ఈ వ్యాధికి లోబడి యున్నారు. గుండె ముడుచుకొనునప్పటి యొత్తిడి పై యంకె. విశ్రమించునప్పటిది క్రింది యంకె. 120/80కి లోపల నుండుట మేలు. వేర్వేరు దినములలో కొలిచినను 140/90కి తగ్గకున్నచో వ్యాధి యని మన వైద్యులు నిర్ణయింతురు. ఆ యొత్తిడి యేండ్ల తరబడి నిలిచినచో నాళములు గట్టిపడును, గుండె గోడలు దళసరి యగును, మూత్రపిండములు వడపోయు శక్తిని కోల్పోవును, కంటిచూపు చెడును, తుదకు మెదడులో నొక నాళము చిట్లుటయో పూడుటయో సంభవించి పక్షవాతము వచ్చును. అప్పుడు బంధువులు మంచముచుట్టు చేరి, ‘నిన్నటిదాక గుండ్రాయివలె నుండెనే’ యందురు. పదియేండ్లుగా లోలోపల నీరూరుచున్న గట్టు నెవ్వరును చూడలేదు. నొప్పి లేనిది రోగమే కాదను భ్రమ మనలో నంత గాఢముగా నున్నది.

దీనికి తోడు మన వాడుకలో ‘బీపీ’ యనగా కోపమను నర్థము స్థిరపడినది. ‘నాకు బీపీ తెప్పింపకు’ మని యింటింట విందుము. ఈ మాట చేసిన హాని యింతంత కాదు. శాంతస్వభావులును, బక్కపలుచనివారును, మితాహారులును ఇది తమ దరి చేరదని నిశ్చింతగా నున్నారు. మహాత్మునికంటె మితాహారి యెవ్వడు? ఆయనవలె నడచిన వా రెందరు? ఆయన బరువు దాదాపు 47 కిలోలు మాత్రమే. అట్టి మహానుభావునకు 1937 అక్టోబరులో 194/130, 1940 ఫిబ్రవరిలో 220/110 పోటు నమోదైనది. స్థూలకాయము, మద్యము, నడక లేని జీవనము పోటును హెచ్చించుట నిజమే. వయస్సును వంశమును మాత్ర మెవ్వరి వశమున నుండవు. కావున కొలిచి చూచుకొనుట తప్ప తెలిసికొను మార్గము లేదు.

1944 మార్చిలో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్టును పరీక్షించిన వైద్యుడు 186/108 పోటు నున్నట్లు కనుగొనెను. నాటి ప్రపంచమున మహాబలిష్ఠమగు రాజ్యము ఆయన చేతిలో నుండెను; కాని యాయన పోటును తగ్గింపగల మందు లోకమున లేకుండెను. 1945 ఏప్రిల్ 12వ తేదీన, పోటు 300/190కి చేరి, మెదడులో రక్తస్రావమై ఆయన మరణించెను. తరువాత నాలుగేండ్లకే, 1949లో, బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ మన సర్పగంధ వేరు రక్తపుపోటును తగ్గించు విధమును బ్రిటిషు వైద్యపత్రికలో ప్రకటించి లోకమునకు చూపెను. ఇది మనము గర్వింపదగిన విషయమే. అంతమాత్రమున నేడు వేరు నూరుకొని త్రాగుమని మే మనము. అది మనస్సును క్రుంగదీయు గుణము కలది, దానికంటె మేలైన మందులు పిమ్మట వచ్చినవి. ఆనాడు రూజ్‌వెల్టునకు దొరకని మాత్ర నేడు మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో కూలివానికి ఉచితముగా నిచ్చుటకు ఉద్దేశింపబడి యున్నది.

దానిని మనవారేమి చేయుచున్నారు? నెల దినములు మ్రింగి, అంకె సరిపడగానే మానివేయుచున్నారు! మా దృష్టిలో నసలు కొలువకుండుటకంటెను ఇది యెక్కువ శోచనీయము. గట్టువలన చేను మునుగకున్నది గావున నిక గట్టేల యని త్రవ్వివేయు రైతును లోకము వెఱ్ఱివా డనదా? మందు అలవాటై పోవునని కొందరి భయము. కల్లువలె నిది వ్యసనము కాదు, అన్నమువలె నిత్యావసరము. బరువును ఉప్పును తగ్గించుకొనినవారికి మోతాదు తగ్గింపవచ్చును. ఆ నిర్ణయము వైద్యునిది. మరియొక విషయము: మోకాళ్ల నొప్పికని అంగడిలో తామై కొనితెచ్చుకొను డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు పోటును హెచ్చించును, మూత్రపిండములనుగూడ బాధించును. మన పల్లెలలో వీనిని బఠాణీలవలె నమలుచున్నారు.

ఇక నుప్పు. దినమునకు అయిదు గ్రాములకు, అనగా నొక చిన్న చెంచాకు, లోబడి యుండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మన విస్తరిలో కూర, పులుసు, చారు, ఊరుగాయ, అప్పడము, చల్లమిరపకాయ, తుదకు మజ్జిగలో వేరుగా నింత – ఇన్ని త్రోవల నుప్పు వచ్చుచున్నది. ఆవకాయను మానుడని వ్రాసినచో పాఠకులు మా పత్రికనే మానుదురని యెరుగుదుము. మొదటి ముద్దతో సరిపుచ్చుకొని, పెరుగన్నములోని యుప్పునైన విడువుడని మాత్రమే కోరుచున్నాము. సైంధవలవణమైనను లవణమే, దానివలన మినహాయింపు లేదు. 1930లో ఉప్పు చట్టమును ధిక్కరించిన గాంధీజీయే అంతకుముందు దక్షిణాఫ్రికాలో ఉప్పును విసర్జించి జీవించిన సంగతి మన దేశభక్తులలో నెందరో మరచినారు.

2017లో ఆరంభమైన భారత రక్తపుపోటు నియంత్రణ కార్యక్రమమున తెలంగాణము మొదటి అయిదు రాష్ట్రములలో నొకటి. ఒక్కమారే నెలకు సరిపడు మందు లిచ్చుట ఆ కార్యక్రమపు నియమము. మాత్రలు నిండుకొన్నవని ఉపకేంద్రమునుండి యెవ్వరిని త్రిప్పిపంపినను ఈ నియమమునకు భంగమే. కూలి మానుకొని వచ్చినవాడు రెండవమారు రాడు. ప్రభుత్వమువారు దీనిని గమనింపవలెను. కలిగిన గృహస్థులు ఇంటికొక కొలత యంత్రమును కొని, దానిని తమకొరకే దాచుకొనక, యేనాడును తన యనారోగ్యమును నోట చెప్పని యిల్లాలికిని, పాలేరునకును, వంటమనిషికిని కొలిపింపవలెను. కొలుచుటకు ముందు అరగంట కాఫీయు పొగాకును తగదు. అయిదు నిమిషములు మాటలాడక, వీపు ఆనించి, పాదములు నేల మోపి కూర్చుండి, చేతిని గుండె యెత్తున బల్లపై నుంచి, రెండుమారులు కొలిచి, తేదీతో వ్రాసి యుంచి, వైద్యుని యొద్దకు పోవునప్పుడు ఆ కాగితమును వెంట తీసికొని పోవలెను.