వాకిలి లేని అంగన్‌వాడీ

కొత్త అంగన్‌వాడీ భవనానికి శంకుస్థాపన ఎలా జరుగుతుందో మనకందరికీ తెలుసు. షామియానా వేస్తారు, కొబ్బరికాయ కొడతారు. శిలాఫలకం మీద పేర్లు వరసగా ఉంటాయి, హోదా తగ్గేకొద్దీ అక్షరాలు చిన్నవవుతుంటాయి. చంకన బిడ్డలున్న మన తల్లుల్ని ముందు వరసలో నిలబెట్టి ఫోటో తీస్తారు. ఈ బడి ఎక్కడ కడదాం, ఏ భాషలో నడుపుదాం, పొద్దున్న ఎన్ని గంటలకి తలుపు తీద్దాం అని ఆ తల్లుల్లో ఒక్కరినైనా ఎవరైనా అడిగారా? ఫలకం మీద వాళ్ళ పేరు ఒక్కటీ ఉండదు. కాగితాల్లో మాత్రం వాళ్ళకో పేరు పెట్టారు: లబ్ధిదారులు.

విశాఖపట్నంలో ఎం.వి.పి. కాలనీకో సీతమ్మధారకో వెళ్ళి ఏదైనా ప్లే స్కూల్లో కాసేపు కూర్చోండి. బిడ్డని చేర్చడానికి వచ్చిన తల్లిదండ్రులకి గదులన్నీ తిప్పి చూపిస్తారు. బాబు ఏం తింటాడు, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అని అడిగి రాసుకుంటారు. ఫీజు కట్టేవారికి దక్కే ఆపాటి మర్యాద పన్ను కట్టేవారికి ఎందుకు దక్కదు? సబ్బు నుంచి సెల్ రీచార్జి దాకా మనమూ పన్ను కడుతున్నాం. పైగా కొండ నుంచి ఈ ఊరికి దిగింది తక్కువేమీ కాదు. బైలడిల్లా ఇనుపరాయి కొత్తవలస–కిరండోల్ లైను మీద అరకు మీదుగా 1960ల చివరినుంచి ఈ పోర్టుకి వస్తూనే ఉంది. ఆ రాయి ఆదివాసుల కొండది. ఈ ఊళ్ళో లేస్తున్న అపార్టుమెంట్లకి ఇటుక మోస్తున్నవాళ్ళలో మనవాళ్ళున్నారు. కాబట్టి మన గూడేనికి నాలుగు గోడలు కట్టడాన్ని దానంలా చెబితే వినడానికి నేను సిద్ధంగా లేను.

భవనం వద్దని కాదు నా వాదన. కారే పెంకుల కింద, అద్దె గదిలో, ఒక్కోచోట చెట్టు కింద నడిచే కేంద్రాలున్నాయి. పక్కా భవనం, మరుగుదొడ్డి, కుళాయి నీళ్ళు మన పిల్లల హక్కు. కానీ అసలు అంగన్‌వాడీ అన్న మాట ఎక్కడ పుట్టింది? ఉపాధ్యాయ శిక్షణలో నాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. గిజుభాయి దగ్గర పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో మహారాష్ట్ర సముద్రతీరాన బోర్డి అనే ఊళ్ళో బాలవాడి పెట్టింది. పేదల పిల్లలు ఆ బడికి రాలేదు. రాకపోతే వాళ్ళ ఖర్మ అనకుండా ఆమె బడినే వాళ్ళ వాడకి, వాళ్ళ వాకిట్లోకి తీసుకుపోయింది. అంగణం అంటే వాకిలే కదా. తరవాత 1957లో అనుతాయి వాఘ్‌తో కలిసి కోస్‌బాడ్ కొండకి, వార్లీ ఆదివాసుల మధ్యకి వెళ్ళింది. అక్కడ పిల్లలు పశువుల వెంట పోతున్నారని మేత బీడులోనే బడి నడిపారు. 1975 అక్టోబరు 2న ఐ.సి.డి.ఎస్. మొదలైనప్పుడు దేశమంతా ఆ పేరు తీసుకుంది. పేరు వచ్చింది, వాకిలి రాలేదు.

ఇప్పుడు స్థలం ఎవరు నిర్ణయిస్తున్నారు? సిమెంటు లారీ ఎక్కడిదాకా వస్తే అక్కడ. గూడెం పైన, భవనం కింద రోడ్డు పక్కన, మధ్యలో గెడ్డ. వానాకాలంలో మూడేళ్ళ పిల్ల ఆ గెడ్డ దాటాలా? వేళ సంగతీ అంతే. పోడుకి వెళ్ళే తల్లి తెల్లారకముందే కదులుతుంది. కాఫీ పళ్ళు కోసే రోజుల్లో ఇంట్లో పెద్దవాళ్ళెవరూ ఉండరు. సంత రోజు సరేసరి. తొమ్మిది గంటలకి తలుపు తీస్తే ఆ బిడ్డని ఎవరు తీసుకురావాలి? ఆరేళ్ళ అక్క. అలా చిన్నపిల్ల ప్రీస్కూలు పెద్దపిల్ల చదువుని మింగేస్తోంది. కొండ ప్రాంతాల్లో కేంద్రానికి 300 జనాభా, మినీ కేంద్రానికి 150 అన్న లెక్క కూడా ఉంది. ఇరవై గడపల గూడెం ఆ లెక్కలో ఎక్కడ? 2023 నవంబరు 15న మొదలైన పి.ఎం. జన్‌మన్‌లో మిక్కిలి వెనకబడిన గిరిజన సమూహాల ఆవాసాలకి అంగన్‌వాడీలు ఇస్తామన్నారు. ఇవ్వండి. పోర్జా, గదబ గూడేలకి ముందు ఇవ్వండి. కానీ ఆ గూడేన్ని కూర్చోబెట్టి అడిగి ఇవ్వండి.

భాష దగ్గర నాకు కోపం ఎక్కువ, దాచుకోను. ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే బిడ్డ మూడేళ్ళకే ఒక్క ముక్క అర్థంకాని గదిలో కూర్చుంటుంది. నోరు తెరవదు. "మందమతి" అని ఎవరో ఒకరు అనేస్తారు. విద్యాహక్కు చట్టం 29వ సెక్షను వీలైనంతవరకు మాతృభాషలో బోధించమంది, 2020 విద్యావిధానం మళ్ళీ అదే చెప్పింది. 2004లో మన రాష్ట్రంలోనే సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామి, బంజారా అని 8 భాషల్లో బహుభాషా విద్య మొదలైంది. మంచి పని. కానీ అది ఒకటో తరగతి నుంచి. అంతకుముందు మూడేళ్ళు బిడ్డ నోరు మూసుకుని కూర్చోవాలా? స్థానిక గిరిజనులకే ఏజెన్సీ టీచరు పోస్టులన్న 2000 నాటి జీవో 3ని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. దానితో బడిలో మన భాష తెలిసిన గొంతుకి ఉన్న రక్షణ కూడా పోయింది.

"మా పిల్లలకి ఇంగ్లీషు కావాలి, కువితో ఏం ఉద్యోగం వస్తుంది?" అని మన కుర్రాళ్ళే అడుగుతారు. ఇంగ్లీషు కావాలి తమ్ముడూ, నేనూ కాదనను. అయితే న్యూజిలాండ్‌లో మావోరీలు ఏం చేశారో చూడు. వాళ్ళ భాష చచ్చిపోతున్నదని 1982లో కొహాంగా రియో, అంటే భాషా గూడు, మొదలుపెట్టారు. అవ్వలు, తాతలు వచ్చి కూర్చుని చిన్నపిల్లలతో మావోరీలోనే మాట్లాడారు, కుటుంబాలే నడిపాయి. ఆ పిల్లలకి ఇంగ్లీషు రాకుండా పోలేదు. మన గూడెంలో అలాంటి అవ్వ లేదా? ఉంది. భవనం ప్లానులో ఆమె కూర్చోవడానికి అరుగు లేదు, అంతే.

నగరంలో మన సంగతి ఇంకా దారుణం. పని కోసం దిగివచ్చి సైటు దగ్గర రేకుల షెడ్డులో ఉండే కుటుంబానికి పెసా లేదు, గ్రామసభ లేదు, ఓటు కొండ మీద. 50 మందికి మించి ఆడవాళ్ళు పనిచేసే నిర్మాణ స్థలంలో ఆరేళ్ళలోపు పిల్లలకి గది ఉండాలని 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం చెప్పింది. మేస్త్రీల వారీగా విడగొట్టి రాస్తే 50 ఎక్కడా తేలదు. బిడ్డ ఇసక కుప్ప మీదే పెరుగుతుంది.

తల్లిదండ్రులకి చదువు లేదు, కమిటీలు నడపలేరు అనేవాళ్ళకి ఒక్కటే జవాబు. 2019 నవంబరు 14న మొదలైన నాడు-నేడులో బడి పనులు పేరెంట్స్ కమిటీల చేతికే ఇచ్చారు. సిమెంటు లెక్క, కూలీ లెక్క తల్లులు చూశారు. అక్కడ లోటు వాళ్ళది కాదు. సంతకం వాళ్ళది, ప్లాను మాత్రం పైనుంచి వచ్చింది. కొండకీ కోస్తాకీ ఒకే బొమ్మ.

ఇంకో మాట. ఈ కోపాన్ని అంగన్‌వాడీ అక్క మీద, ఆయా మీద చూపించకండి. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేసినవాళ్ళు వాళ్ళు, ఎస్మా పెట్టినా కదలనివాళ్ళు. బరువులు తూచాలి, ఫోనులో ఎక్కించాలి, గుడ్లు పంచాలి, రిజిస్టర్లు రాయాలి. ఇక ఆట ఎప్పుడు ఆడించాలి? తల్లుల కమిటీ నిజంగా పనిచేస్తే మొదట బరువు తగ్గేది ఆ అక్కకే.

షెడ్యూల్డు ప్రాంతంలో ఉన్నవాళ్ళ చేతిలో 1996 పెసా చట్టం ఉంది. ఊళ్ళో అభివృద్ధి పథకాన్ని పంచాయతీ మొదలుపెట్టేముందు గ్రామసభ ఆమోదించాలి అని అందులో ఉంది. డి.ఎస్.సి. కోచింగుకి విశాఖలో గది తీసుకున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, అక్టోబరు 2 గ్రామసభకి ఊరు వెళ్ళండి. తీర్మానం మీరే రాయండి, చదివి అవ్వలకి మన భాషలో చెప్పండి. స్థలం గెడ్డకి ఇవతల. వేళ పని రోజుల్ని బట్టి. గోడ మీద యాపిలు బొమ్మ బదులు పనస, అడ్డాకు. వారంలో రెండు రోజులైనా చోడి అంబలి. మన భాష తెలిసిన మనిషి ఒకరు, జీతంతో. చుట్టూ అరుగు, ముందు వాకిలి. దాని కింద వేలిముద్రలు పడ్డాక నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి, అందిందన్న ముద్ర వేయించుకుని రండి.