నిమ్మగడ్డి నూనె, తామర మచ్చ

"అన్నా, దురదకు ఏదన్న ట్యూబ్ ఉంటే ఇయ్యి."

వానలు పడ్డాక హైదరాబాద్‌లోని నాచారం పారిశ్రామిక వాడలో ఏ మందుల దుకాణం ముందు కాసేపు నిలబడ్డా ఈ మాట చెవిన పడుతుంది. అడిగేవాళ్లలో చాలామంది షిఫ్టు దిగి వచ్చిన కుర్రాళ్లు. ఒంటి మీద పాలిస్టర్ యూనిఫాం, కాళ్లకు పొద్దుటి నుంచీ విప్పని బూట్లు. గదికి నలుగురైదుగురు ఉంటారు. దండెం మీద బట్టలు ఆరీ ఆరకుండానే మళ్లీ ఒంటి మీదికి ఎక్కుతాయి, తువ్వాలు ఒకరిది ఒకరు వాడుకుంటారు. గజ్జల్లోనో నడుము చుట్టూనో గుండ్రటి మచ్చ లేస్తుంది. అంచు ఎర్రగా ఉబ్బి పొట్టు రాలుతుంది, మధ్యలో చర్మం తేటపడినట్టు కనిపిస్తుంది. అది తామర, ఫంగస్ వల్ల వచ్చే జబ్బు. సిగ్గుతో ఎవరికీ చెప్పరు. రాత్రుళ్లు నిద్ర ఉండదు.

అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే, ఉప్పల్ దాటగానే బోడుప్పల్‌లో సీమ్యాప్ పరిశోధన కేంద్రం ఉంది. ఔషధ, సుగంధ మొక్కల కోసం 1959లో మొదలై, లక్నో కేంద్రంగా నడుస్తున్న కేంద్ర సంస్థకు ఇది శాఖ. నిమ్మగడ్డి, పామారోజా వంటి పంటల సాగు, వాటి నూనె తీసే విధానం ఇలాంటి చోట్ల నుంచే రైతుల దాకా వచ్చాయి. 2017లో సీమ్యాప్ మాతృసంస్థ సీఎస్ఐఆర్ అరోమా మిషన్ మొదలుపెట్టాక వాటికి ఇంకొంచెం ఊపు వచ్చింది. నూనె తీయడం చూడముచ్చటగా ఉంటుంది. కోసిన గడ్డిని కాస్త వాడనిచ్చి, పెద్ద తొట్టిలో కుక్కి, కింద నుంచి ఆవిరి పంపుతారు. ఆ ఆవిరి చల్లటి నీళ్లలో ఉన్న గొట్టాల గుండా వచ్చి నీరవుతుంది. నీటి మీద లేత పసుపు రంగులో పలచటి నూనె పొర తేలుతుంది. వంద కిలోల గడ్డికి దక్కేది అర కిలో పైచిలుకు మాత్రమే. అందులో మూడొంతుల దాకా సిట్రాల్ అనే పదార్థం ఉంటుంది. నిమ్మ వాసన దానిదే, ఫంగస్‌ను చంపే గుణమూ ప్రధానంగా దానిదే. ఫంగస్ కణం చుట్టూ ఉండే పొరను అది దెబ్బతీస్తుంది, లోపలి సరుకు బయటికి కారిపోయి కణం చస్తుంది. పామారోజాలోని జెరానియాల్, లవంగంలోని యూజెనాల్, వాములోని థైమాల్ కూడా దాదాపు ఇదే పని చేస్తాయి. ప్రయోగశాలలో గాజు పళ్లెంలో పెంచిన ఫంగస్ మధ్య చుక్క నూనె వేస్తే చుట్టూ ఏమీ మొలవని ఖాళీ ఏర్పడుతుంది. ఇందులో అనుమానించాల్సిందేమీ లేదు.

అనుమానమల్లా మనిషి చర్మం దగ్గర మొదలవుతుంది. బ్రెజిల్ పరిశోధకులు నిమ్మగడ్డి నూనెతో షాంపూ, క్రీము తయారుచేసి శోభి మచ్చలున్నవారికి 40 రోజులు వాడించారు. 2013లో ఫలితాలు వెలువడ్డాయి. ఆ నూనె వాడినవారిలో 60 శాతం మందికి ఫంగస్ పోయింది. కీటోకొనజోల్ అనే ఫంగస్ మందు వాడినవారిలో 80 శాతం పైగా మందికి పోయింది. ఒక గడ్డి నూనె అంతవరకు రాగలగడం చిన్న సంగతి కాదు. అయినా రెండోదే మెరుగైన మందు.

ఆస్ట్రేలియా టీ ట్రీ నూనె కథ ఇంకా ఆలోచింపజేస్తుంది. 1992లో అక్కడ కాలివేళ్ల సందుల్లో ఫంగస్ ఉన్నవారికి పది శాతం నూనె కలిపిన క్రీము ఇచ్చి చూశారు. దురద, మంట బాగానే తగ్గాయి. తీరా చర్మం గీరి పరీక్షిస్తే, ఉత్త క్రీము రాసుకున్నవారి కంటే వీరికి ఫంగస్ పోయిందేమీ లేదు. పదేళ్ల తర్వాత 50 శాతం గాఢతతో మళ్లీ ప్రయత్నిస్తే 64 శాతం మందికి నయమైంది, ఉత్త ద్రావణం వాడినవారిలో 31 శాతం మందికి. అయితే నూనె రాసుకున్న కొందరికి చర్మం వాచి, కమిలింది. దురద పోవడం వేరు, జబ్బు పోవడం వేరని ఈ రెండు పరీక్షలూ కలిపి చెబుతున్నాయి. నాచారంలో ట్యూబ్ అడిగే కుర్రాడికి ముందుగా తెలియాల్సిన సంగతి ఇదే.

ఎందుకంటే అతని చేతికి వచ్చే ట్యూబ్ కూడా దురదనే ముందు పోగొడుతుంది. ఫంగస్ మందులో బలమైన స్టెరాయిడ్, దానికి తోడు ఓ యాంటీబయాటిక్ కలిపిన క్రీములు ఏళ్ల తరబడి మన దుకాణాల్లో అమ్ముడుపోతున్నాయి. రెండు రోజుల్లో ఎరుపు తగ్గుతుంది, హాయిగా ఉంటుంది. స్టెరాయిడ్ చర్మం తన రక్షణ తాను చేసుకోకుండా అడ్డుపడుతుంది కాబట్టి ఫంగస్ లోలోపల పాకుతుంది. ట్యూబ్ ఆపగానే రెట్టింపై వస్తుంది. మచ్చ రూపమే మారిపోయి డాక్టరుకు కూడా పోల్చుకోవడం కష్టమవుతుంది. తొడల మీద చర్మం పలచబడి చారలు పడతాయి, అవి ఇక పోవు. చర్మవైద్యుల సంఘాలు గట్టిగా పోరాడితే, 2018లో కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది. ఆ కట్టడి కౌంటర్ దగ్గర ఎంతవరకు అమలవుతున్నదో అందరికీ తెలిసిందే.

గడిచిన పదేళ్లలో మన దేశంలో తామర మొండిది కావడానికి ఇదొక ముఖ్య కారణమని చాలామంది చర్మవైద్యుల అభిప్రాయం. ఇక్కడ విస్తరించిన కొత్త రకానికి 2020లో జపాన్ శాస్త్రవేత్తలు ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. ఎక్కువగా వాడే టెర్బినాఫిన్ మాత్ర దాని మీద చాలాసార్లు పనిచేయదు. 2023లో న్యూయార్క్‌లోనూ కేసులు బయటపడ్డాయి. ఉన్న మందులు ఇలా మొద్దుబారుతున్నప్పుడు సుగంధ నూనెల వైపు చూడటం తప్పేమీ కాదు, చూడాల్సిందే. చూడాల్సింది మాత్రం మందుల పరీక్షకు ఉండే పద్ధతితో. నూనె గాలికి ఎగిరిపోతుంది, చర్మం లోతుకు ఎంత దిగుతుందో తేల్చాలి. పంటను బట్టి, కోతను బట్టి సిట్రాల్ మారుతుంది, ఎంత గాఢత సరిపోతుందో తేల్చాలి. ఆ పని చేయడానికి ఇంతకంటే అనువైన చోటేది? బోడుప్పల్‌లో నూనె ఉంది. హబ్సిగూడ, తార్నాకల్లో సీసీఎంబీ, ఐఐసీటీ పరిశోధన సంస్థలు ఉన్నాయి. నాచారంలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది, దాని చుట్టూ వేల మంది కార్మికులున్నారు. ఈ నాలుగు చోట్లనూ కలిపి ఒక మంచి పరీక్ష జరిపితే అటు రైతుకూ ఇటు కార్మికుడికీ మేలు.

అప్పటిదాకా ఎవరూ సీసాలోని నూనెను నేరుగా గజ్జల్లో రాసుకోవద్దు. బొబ్బలెక్కుతుంది. గాలి తగిలి పాతబడిన నూనెతో ఎలర్జీ ఇంకా ఎక్కువ. పిల్లల తలలో తామర పైపూతతో పోదు, మాత్రలు కావాలి. వదులు నూలు బట్టలు కట్టుకోండి, ఎవరి తువ్వాలు వారే వాడుకోండి, వానాకాలంలో లోదుస్తులు ఇస్త్రీ చేసి తొడుక్కోండి. ఈఎస్ఐ కార్డు ఉన్నవారు సిగ్గుపడకుండా చర్మవైద్యుడికి చూపించుకోండి. గదిలో ఇంకెవరికైనా ఉంటే వాళ్లనూ వెంట తీసుకెళ్లండి, అందరూ ఒకేసారి మందు మొదలుపెట్టండి. దురద తగ్గింది కదా అని మధ్యలో ఆపకండి.