సామాను గదిలోని చక్రాల పలక

పత్రికా సంఘంవారు ఈ ఏడు కూడా మమ్మల్ని వేమననుగూర్చి గాని, జాషువానుగూర్చి గాని నాలుగు పుటలు వ్రాసి ఇమ్మని కోరారు. తెలుగు అధ్యాపకుడు మరి దేనినిగూర్చి వ్రాస్తాడు? అయితే గత వేసవినుండి మా కళాశాల సామాను గదిలో, చిరిగిన వాలీబాల్ వలకూ కాలు విరిగిన బల్లలకూ నడుమ, గోడకు ఆనించిన ఒక చక్రాల పలక ఉన్నది. హాజరు పట్టీలకోసం ఆ గదిలోకి వెళ్లినప్పుడల్లా మా కన్ను దానిమీదనే పడుతుంది. వేమన ఈ ఒక్క ఏటికి మమ్మల్ని మన్నించవలెను.

సంగతి కమిటీ పెద్దలకు తెలిసినదే. క్రొత్తగా చేరినవారికోసం క్లుప్తంగా చెబుతాము. బి.కాం. రెండవ సంవత్సరం విద్యార్థి ఒకడు, హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మేనమామ కొనిపెట్టిన లాంగ్‌బోర్డును సెలవులకు ఇంటికి తెచ్చుకున్నాడు. ఊరి బయట మామిడి తోటల నడుమ వాలుగా దిగే తారు రోడ్డుమీద సాయంత్రాలు దానిపై నిలబడి జారుతూ వచ్చాడు. చూడటానికి పదిమంది, తరువాత ఇరవైమంది పోగయ్యారు. ఒకనాడు ఎవరో తిని పారవేసిన చిన్నరసం టెంక ముందుచక్రం క్రింద పడింది. పలక ఆగిపోయింది, కుర్రవాడు ఆగలేదు. మణికట్టు విరిగింది. వెనుకనే కాయల లోడుతో వస్తున్న ట్రాక్టరు పెద్దమనిషి సకాలంలో బ్రేకు వేయబట్టి ఆ ఇంటి దీపం నిలిచింది. మరునాడు పలక సామాను గదికి చేరింది. కళాశాల ఆవరణలో గాని, కళాశాల పేరు వచ్చేలా బయట గాని, చక్రాల ఆటలు ఆడరాదని ఉత్తరువు గోడకెక్కింది.

ఆ ఉత్తరువులో సగం మాకు సమ్మతమే. ఏప్రిల్ మొదలు జూన్ వరకు మన రోడ్లు మామిడి బళ్లవి. నూజివీడు మొదలు చింతలపూడి దాకా తోటలన్నీ ఒక్కసారిగా రోడ్డుమీదికి వస్తాయి. ఆ రద్దీలో కాళ్లక్రింద బ్రేకు లేని పలకతో దిగటం సాహసం కాదు, మతిమాలినతనం. ఆ కుర్రవానికి ఆసుపత్రి మంచం ప్రక్కన కూర్చుని ఈ మాటే చెప్పాము. తల దించుకుని, "తప్పే మాస్టారూ, కానీ అది చెడ్డ ఆట కాదు" అన్నాడు. రెండు మాటలూ నిజమేనని మా నమ్మకం. మొదటి మాట కమిటీవారు విన్నారు. రెండవ మాట ఎవరూ వినలేదు.

ఇది అమెరికా పిచ్చి, ఫోనుల్లో చూసి నేర్చినది, మన పిల్లలకెందుకు అని సమావేశంలో ఒకరు అన్నారు. మన పిల్లలకు చక్రం క్రొత్తదా? ముంజలు తిన్న తాటికాయలు రెండింటిని ఒక పుల్లకు రెండు ప్రక్కల గుచ్చి, పంగల కర్రతో నెట్టుకుంటూ వీధులన్నీ తిరగనివారు ఈ మెట్టప్రాంతంలో ఎవరున్నారు? అది దాటితే బేరింగుల బండి. లారీ షెడ్డులో మేస్త్రీని బతిమాలి తెచ్చుకున్న అరిగిన బేరింగులు వెనుక రెండు, ముందు ఒకటి. ముందుదానికి అటూ ఇటూ తిరిగే అడ్డకర్ర. పైన ఒక చెక్క. దానిమీద కూర్చుని సిమెంటు రోడ్డు వాలులో దిగితే ఆ గరగర శబ్దానికి వీధి చివర ముసలమ్మలు సైతం లేచి తిట్టేవారు. మేము ఆ తిట్లు తిన్నవారమే. కమిటీలోని పెద్దలలో ముగ్గురి మోకాళ్లమీద ఆనాటి మచ్చలు నేటికీ ఉంటాయని మా అనుమానం.

ఆ గరగరలోనే ఈ ఆట చరిత్ర అంతా ఉన్నది. ఉక్కు చక్రం నేలను పట్టుకోదు; చిన్న రాయి తగిలినా తట్టుకోదు; ఎముకల దాకా అదరగొడుతుంది. కాలిఫోర్నియా కుర్రవాళ్ల తొలి పలకలకు చక్రాలు ఉక్కువి, తరువాత మట్టి మిశ్రమంవి. వారి బాధ కూడా ఇదే. 1970ల తొలినాళ్లలో ఫ్రాంక్ నాస్వర్దీ అనే యువకుడు యురెథేన్ అనే మెత్తని, అరుగుదలకు తట్టుకునే పదార్థంతో చేసిన చక్రాలను పలకలకు బిగించి, 'క్యాడిలాక్' అనే పేరుతో అమ్మాడు. అప్పటినుండి ఆట రూపే మారిపోయింది. మన బేరింగుల బండి నాస్వర్దీకి ముందు నిలిచిపోయిన స్కేట్‌బోర్డు అంటే తప్పులేదు. దాని రెండవ లోపం తిరగటం. మనం అడ్డకర్రను కాళ్లతో తిప్పేవారం. పలకమీద నిలబడినవాడు కాళ్లు ఖాళీ చేసుకోలేడు, ఒరిగి తిరగవలసిందే. ఒంటిబరువు ఒక ప్రక్కకు ఒరిగితే చక్రాలు ఆ ప్రక్కకు తిరిగే యుక్తిని న్యూయార్కుకు చెందిన జేమ్స్ ప్లింప్టన్ 1863లోనే రోలర్ స్కేట్లకోసం కనిపెట్టాడు. ఇరుసును పట్టి ఉంచి, రబ్బరు దిమ్మెల నడుమ ఒరిగే ఆ లోహపు అమరికను నేడు ట్రక్కు అంటారు. లారీ అనుకుని భ్రమపడవద్దు.

సామాను గదిలోని పలకను మేము కొలిచి చూశాము. పొడవు 1 మీటరుకు కొంచెం తక్కువ, పొరలు పొరలుగా అతికిన చెక్క. చక్రం వ్యాసం 70 మిల్లీమీటర్లు. మామూలు స్కేట్‌బోర్డు చక్రం 50, 54 మధ్య ఉండి రాయిలా గట్టిగా ఉంటుంది. అది గెంతటానికీ, గట్లెక్కటానికీ పనికివచ్చేది. లాంగ్‌బోర్డు చక్రం పెద్దది, మెత్తనిది, గతుకుల్ని మింగుతుంది. అయినా మామిడి టెంకను మింగలేకపోయింది. లోపలి బేరింగు అన్నిచోట్లా దొరికే 608 రకమే: లోపలి వ్యాసం 8, బయటిది 22, మందం 7 మిల్లీమీటర్లు. అరిగితే జంగారెడ్డిగూడెం పరుగెత్తనక్కరలేదు, మోటార్లు బాగుచేసేవారి దగ్గర అడిగితే చాలు. తలకు హెల్మెట్టు, మోకాళ్లకూ మోచేతులకూ తొడుగులు కావాలి. ఇవన్నీ పలకకు ముందే కొనవలసినవి. మా విద్యార్థి పలక మాత్రమే కొనిపించుకున్నాడు. మేనమామనూ అనలేము, పెళ్లికి బట్టలు కొన్నట్లు పైకి కనిపించేదే కొన్నాడు.

కొండ దిగేవారికి మరొకటి కూడా కావాలి: అరచేతిలో గట్టి ప్లాస్టిక్ బిళ్ల అతికిన తొడుగు. వేగం మితిమీరినప్పుడు వారు వంగి, ఆ చేతిని రోడ్డుకు ఆనించి, పలకను అడ్డంగా తిప్పి, చక్రాలను నేలమీద ఈడ్చి ఆగుతారు. 1970లలో బర్క్‌లీ కొండవీధుల్లో క్లిఫ్ కోల్‌మన్ చేసి చూపినందున దీనికి ఆయన పేరే నిలిచింది. ఆ తొడుగు బొమ్మ మొదటిసారి చూసినప్పుడు మాకు వేరొకరు జ్ఞాపకం వచ్చారు. మా చిన్ననాట ప్రతి శుక్రవారం మసీదు గుమ్మం దగ్గర ఒకాయన ఉండేవారు. పసితనంలో వచ్చిన పోలియోతో రెండు కాళ్లూ చచ్చుబడినవి. నాలుగు బేరింగుల చెక్కమీద కూర్చుని, చేతులకు టైరుముక్కలు కట్టిన చెక్క దిమ్మెలు తొడిగి, నేలను నెట్టుకుంటూ వచ్చేవారు. వాలులో ఆ దిమ్మెలనే నేలకు అదిమి ఆగేవారు, ఏ కోల్‌మన్‌నూ చూడకుండానే. మా బేరింగుల బండికి ఇరుసు ఎలా బిగించాలో నేర్పినది ఆయనే. "అడ్డకర్ర వదులుగా ఉంచు బాబూ, బిగిస్తే విరుగుతుంది" అనేవారు. ఆటకోసం ఎక్కినవారమే గాని, బ్రతుకుకోసం ఎక్కినవారిని చూసి నేర్చాము. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014 మార్చి 27న పోలియో రహితమని ధ్రువీకరణ వచ్చింది. అటువంటి చెక్కమీద కూర్చోవలసిన అవసరం పోలియో వలన ఇక ఏ పిల్లవానికీ రాకపోవటం మన తరం చూసిన గొప్ప మేలు. ఆ చెక్కే ఇప్పుడు పిల్లలకు సంతోషం ఇస్తానంటే దానిని అపశకునంలా చూడటమెందుకు?

ఇక వేగం. 2017లో కెనడాలోని క్విబెక్ కొండరోడ్డుమీద పీటర్ కానలీ అనే ఆటగాడు నిలబడి గంటకు 146.73 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. అది వినగానే మన కుర్రవాళ్ల కళ్లు అనంతగిరి ఘాట్‌మీదికి, హార్స్‌లీ కొండమీదికి పోతాయి. అక్కడ అతనికి మూసిన రోడ్డు ఉన్నది, నిలువెల్లా తోలు దుస్తులున్నాయి, ఏళ్ల సాధన ఉన్నది. మన ఘాట్ల మలుపుల్లో ఎదురుగా వచ్చేది బస్సు. నాయనలారా, ఆ ఊహను అక్కడే దింపండి. 100 మీటర్లకు 5 మీటర్లు దిగే రోడ్డు కంటికి వాలుగా కూడా తోచదు. అయినా రాపిడినీ గాలినీ లెక్కలోకి తీసుకోకపోతే అడుగుకు చేరేసరికి వేగం గంటకు 35 కిలోమీటర్లు. బ్రేకులు లేని సైకిలుపై ఆ వేగంతో వెళ్లమంటే మీలో ఎవరైనా ఎక్కుతారా?

కాని భయపడి మూసివేసిన తలుపుల వెనుక ఏమి పోతుందో కూడా కమిటీ ఆలోచించవలెను. హైదరాబాదుకు చెందిన అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రోలర్ స్కేటింగులో రెండు కాంస్యాలు తెచ్చాడు; 2015కు అర్జున పురస్కారం పొందాడు. 2023 హాంగ్‌జౌ క్రీడల్లో మన దేశపు స్త్రీల జట్టు, పురుషుల జట్టు రెండూ 3000 మీటర్ల రిలేలో కాంస్యాలు గెలిచాయి. 2025లో చెన్నై యువకుడు ఆనంద్‌కుమార్ వేల్‌కుమార్ ఏకంగా ప్రపంచ విజేత అయ్యాడు. స్కేట్‌బోర్డు 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో తొలిసారి చేరితే, అక్కడ బంగారు పతకం గెలిచిన జపాను పిల్ల మొమిజి నిషియా వయస్సు 13. ఆ వయస్సులో మన పిల్లలు ఏడవ తరగతో ఎనిమిదవ తరగతో చదువుతుంటారు.

మాకు ఈ వ్యాసం వ్రాయవలెననిపించినది నిజానికి పతకాలనుబట్టి కాదు. ఉత్తరువు గోడకెక్కిన రోజున ఒక విద్యార్థిని సామాను గది దగ్గర నిలబడి, చున్నీ సర్దుకుంటూ, "మాస్టారూ, ఒకవేళ ఇది తిరిగి ఇస్తే మేమూ ఎక్కవచ్చా?" అని అడిగింది. మేము తడబడి, చూద్దామమ్మా అన్నాము. ఇంటికి వెళ్లాక సిగ్గు కలిగింది. 2007లో కాబూలులో ఆలివర్ పర్కోవిచ్ అనే ఆస్ట్రేలియా యువకుడు మూడు పలకలతో మొదలుపెట్టిన పని 'స్కేటిస్తాన్' అనే పాఠశాల అయింది. ఆడపిల్లలు సైకిలెక్కితే ఊరుకోని ఊళ్లో ఈ పలకమీద మాత్రం ఎవరూ నిషేధం వ్రాసిపెట్టలేదు; అది చూసి వందలాది బాలికలు ఎక్కారు, చదువు కూడా అక్కడే నేర్చారు. వారిమీద తీసిన చిన్న చిత్రానికి 2020లో ఆస్కారు వచ్చింది. 2021 ఆగస్టులో పాలన మారిన తరువాత ఆ ఆటస్థలాల తలుపులు మూతబడ్డాయి. అక్కడ మూసినవారికి బలం ఉన్నది. ఇక్కడ మూసింది ఒక్క కాగితం, దానిమీద మా సంతకం కూడా ఉన్నది.

కనుక మా మాట ఇది. రోడ్డుమీద నిషేధం ఉండనివ్వండి, సంవత్సరమంతా. ఆవరణలో గ్రంథాలయం వెనుకనుండి వాలీబాల్ కోర్టు వరకు ఉన్న సిమెంటు బాటను మాత్రం సాయంత్రం 4 నుండి 5 వరకు తెరవండి. మేమూ, వ్యాయామ అధ్యాపకులూ కలిసి తాపీమేస్త్రీలు మట్టం చూసే నీళ్ల గొట్టంతో దానిని కొలిచాము. 60 మీటర్ల పొడవుకు మీటరున్నర వాలు. లెక్క వేస్తే చివరికి గంటకు 20 కిలోమీటర్లు మించదు. అది మనం సైకిలు తొక్కే వేగం. చివర రెండు ఇసుక బస్తాల వరుసలు చాలు. హెల్మెట్టు, తొడుగులు నాలుగు జతలు కళాశాల ఆటల నిధినుండి కొనాలి, తొడుగు లేనివారిని ఎక్కనీయరాదు. దాతల పేర్ల రాయి చెక్కించిన తరువాత స్కేటింగు రింకు కడదామని ఒక సూచన వచ్చింది. రాయి ముందు వస్తుంది, రింకు రాదు, మన ఊళ్ల సంగతి మనకు తెలియనిదా? వారానికి రెండు రోజులు విద్యార్థినులకు విడిగా కేటాయించాలి. పర్యవేక్షణకు మేము ఉంటాము. మోకాలిమీది పాత మచ్చలే మా అర్హత.

కుర్రవాని చేతికట్టు విప్పి చాలా రోజులైంది. పలకను అడగటానికి అతను ఇంతవరకు రాలేదు. వ్రాతమూలకమైన అర్జీ మాత్రం కమిటీ బల్లమీదకు చేరింది. కొలతల కాగితం దానికి జతపరచాము. పదిహేడు సంతకాలున్నాయి, వాటిలో ఆరు విద్యార్థినులవి. సామాను గది తాళం కార్యాలయంలో మూడవ కొక్కేనికి ఉన్నది.