శాలువలు చాలును, దిద్దుబాటు కావలెను

ప్రతి సంవత్సరము ఉగాదికి మన సంఘము బాలబాలికలకు వ్యాసరచన పోటీ పెట్టుచున్నది. మొదటివానికి స్టీలు డబ్బా, తక్కినవారికి యోగ్యతాపత్రము, పెద్దలకు శాలువలు. పిమ్మట ఆ వ్యాసములేమైనవి? ఎవరు దిద్దిరి? ఏ వాక్యము ఏల చెడినదో ఏ పిల్లవానిని కూర్చుండబెట్టి చెప్పితిమి? అవి సంఘపు బీరువాలో చెదలకు ఆహారమగుచున్నవని కార్యవర్గమునకు తెలియును, తెలిసియు ఊరకున్నది.

నేను వర్తకుడను. అంగడిలో క్రొత్త కుర్రవాడు చేరినచో శాలువ కప్పి పంపివేయము. ప్రక్కన నిలుచుండి తూకము, బేరము, చిట్టా, ఆవర్జా నేర్పుదుము. వ్రాత మాత్రము దానంతట అదియే వచ్చునని మన పెద్దలు నమ్ముట వింతగా నున్నది.

ఈ చెన్నపట్టణముననే 1945లో న్యాపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, అనగా రేడియో అన్నయ్య, అక్కయ్యలు, “బాల” పత్రిక పెట్టి పిల్లల రచనలు అచ్చువేసిరి. ముళ్లపూడి వెంకటరమణగారి తొలి కథ ఆ యేడే అందులో వెలువడెను. అప్పటికి ఆయనకు 14 ఏండ్లు. 1953లో ఆయన ఆంధ్రపత్రికలో ఉపసంపాదకులైరి. నడుమ ఎనిమిదేండ్లే! ఆ ఆంధ్రపత్రికను 1908లో బొంబాయిలో వారపత్రికగా స్థాపించి, 1914లో ఇచ్చట దినపత్రికగా నడపిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అమృతాంజనము అమ్మిన వర్తకులు. మన వర్తక సోదరులు తలనొప్పి వచ్చినప్పుడు మాత్రమే వారిని తలచుచున్నారు.

“వ్రాత కూడు పెట్టునా?” అని తండ్రులడుగుదురు. పద్యము పెట్టదు, ఒప్పుకొందును. కాని తమిళము, తెలుగు రెండును చక్కగా వ్రాయగలవానికి అనువాదము, సినిమా డబ్బింగు సంభాషణలు, ప్రకటనలు, ప్రూఫులు దిద్దుట మొదలగు పనులు కలవు. ఆ పని ఎవరి నడుగవలెనో, పుటకెంత అడుగవలెనో పిల్లవానికి చెప్పు దిక్కు లేదు. చెప్పగలవారు మన సభలలోనే వెనుక వరుసలో కూర్చుండి, కాఫీ త్రాగి వెళ్లిపోవుచున్నారు.

తెలుగు మాటలాడు కుటుంబమున పుట్టిన కి. రాజనారాయణన్ గారు మనవారి వలస కథను 1976లో “గోపల్ల గ్రామం” అను తమిళ నవలగా వ్రాసిరి. దాని తరువాతి నవలకు 1991లో సాహిత్య అకాడమి బహుమతి వచ్చెను. తమిళమున వ్రాసిరని నేను నిష్ఠూరమాడను. మన కథను మన లిపిలో వ్రాయుటకు మనము ఎవరికి నేర్పితిమి? తమిళమును నిర్బంధము చేసిన 2006 నాటి చట్టమును నిందించుట సులభము. ఆదివారము రెండు గంటలు ఒక పిల్లవాని ప్రక్కన కూర్చుండుటకు ఏ చట్టము అడ్డు వచ్చినది?

రానున్న సర్వసభ్య సమావేశమున నేనొక తీర్మానము పెట్టుచున్నాను. ఈ పత్రికలో వారమునకు అరపుట పదునెనిమిదేండ్ల లోపువారికి విడువవలెను. అచ్చైన రచనకు రూ. 200 ఇయ్యవలెను, అచ్చు కానిదానిని ఎఱ్ఱసిరాతో దిద్ది త్రిప్పి పంపవలెను. మొదటి ఆరు మాసముల సొమ్ము నాది. పిమ్మట శాలువల పద్దు ఉండనే యున్నది. కాదనువారు సభలో లేచి కాదనవలెను, మెట్లమీద గుసగుసలాడరాదు.