పాత జీపుకు ఎత్తు కాదు, కమాన్ కట్టల బాగు కావాలి



ఈసారి వీడియో జీవామృతం మీద కాదు, దాన్ని మోసే బండి మీద. పాత మహీంద్రా జీపును పొలం పనికి పెట్టుకున్న రైతులు మనలో ఇంకా ఉన్నారు. ఇంజను బాగానే ఉంటుంది, ఫోర్ వీల్ పడుతుంది, కానీ వెనక భాగం కుంగిపోయి బండి కుక్క కూర్చున్నట్టు కూర్చుంటుంది. షెడ్డుకు తీసుకెళితే ఎక్కువగా వినిపించే సలహా ఒకటే: "రెండు పట్టీలు ఎక్కువ వేద్దాం, పొడుగు షాకిల్ బిగిద్దాం, రెండు అంగుళాలు లేపేద్దాం." ఆ సలహా వద్దు అని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

ముందు ఈ బండి పుట్టుక గుర్తుపెట్టుకోవాలి. మహీంద్రా వాళ్లు 1947లో విల్లీస్ జీపులను మన దేశంలో బిగించడం మొదలుపెట్టారు. ఆ విల్లీస్‌కు అమెరికా సైన్యం పెట్టుకున్న తరగతి పేరే "పావు టన్ను ట్రక్కు". అంటే గతుకుల నేల మీద సుమారు 225 కిలోల సరుకు మోసే తరగతి బండి. తర్వాత వచ్చిన ఎంఎం 540, కమాండర్ లాంటివి పెద్దవే, కానీ అవీ లారీలు కావు. మీ మోడల్‌కు ఎంత బరువు చెప్పారో కంపెనీ పుస్తకంలో చూసుకోండి.

ఇప్పుడు మన బరువు చూద్దాం. ఒక ఎకరం జీవామృతానికి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మన్ను. డ్రమ్ము బరువు కాకుండానే సుమారు 220 కిలోలు అవుతుంది. రెండు డ్రమ్ములు ఎక్కించి, ఇద్దరు మనుషులు కూర్చుంటే అర టన్ను దాటిపోయింది. ఇలా రోజూ తిప్పితే ఏ కమానైనా కుంగుతుంది. తప్పు కమాన్‌ది కాదు.

పట్టీలు పెంచితే ఏమవుతుంది? కట్టలో ఏడు పట్టీలు ఉన్నాయనుకోండి. అదే మందం, అదే పొడవు ఉన్న పట్టీలు ఇంకో రెండు వేస్తే గట్టిదనం పావు వంతుకు పైగా పెరుగుతుంది. మందం పట్టీ వేస్తే ఇంకా ఘోరం, ఎందుకంటే మందం రెట్టింపైతే ఆ పట్టీ గట్టిదనం ఎనిమిది రెట్లు అవుతుంది. నిండు డ్రమ్ములతో వెళ్లేటప్పుడు బాగానే ఉంటది. ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు చూడాలి కథ! చక్రం గుంటలోకి దిగదు, ఎగురుతుంది. నేలను పట్టుకోని చక్రానికి బ్రేకూ పనిచేయదు, స్టీరింగూ పనిచేయదు. కమాన్ మింగాల్సిన దెబ్బ ఛాసిస్‌కు తగులుతుంది. హ్యాంగర్లు బిగించిన చోట పగుళ్లు వస్తాయి. మిగిలిన దెబ్బ మన నడుముకు.

ఇక ఎత్తు సంగతి. "రాళ్ల దారిలో కింద తగలకూడదు కదా" అంటారు. న్యాయమైన మాటే. కానీ ఈ జీపులకు ముందూ వెనకా ఒకే నిలువు ఇరుసు ఉంటుంది. ఇరుసు మీద ఉన్న డిఫరెన్షియల్ నేలకు ఎంత ఎత్తులో ఉంటుందన్నది టైరు సైజు మీదే ఆధారపడుతుంది. కమాన్‌తో బాడీని రెండు అంగుళాలు లేపినా డిఫరెన్షియల్ అంగుళం కూడా లేవదు. మొదట రాయి తగిలేది దానికే. అంటే డబ్బు ఖర్చయింది, బాడీ ఎత్తయింది, తగిలే చోటు మాత్రం అక్కడే ఉంది.

పోయేది ఇంకా ఉంది. సీజే 3బీ లాంటి పొట్టి జీపులో ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం 80 అంగుళాలు, ఎడమ కుడి చక్రాల మధ్య సుమారు 4 అడుగులు. దాని మీద మూడడుగుల డ్రమ్ములు నిలబెట్టి, కింద బండిని ఇంకో రెండు అంగుళాలు లేపి, గట్టు వాలులో మలుపు తిప్పితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. బోల్తా పడ్డ జీపు కింద ఉండేది మన మనుషులే. పొడుగు షాకిల్ వేస్తే ముందు ఇరుసు కోణం మారి స్టీరింగ్ నిలకడ తప్పుతుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్లు త్వరగా అరుగుతాయి, బ్రేక్ గొట్టాలు లాగినట్టు అవుతాయి. చట్టం కూడా చూసుకోవాలి. కంపెనీ ఇచ్చిన అసలు రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పదిహేనేళ్లు దాటిన బండిని మళ్లీ రిజిస్ట్రేషన్‌కు తీసుకెళ్లాల్సిన వాళ్లం మనం. అక్కడ ఇబ్బంది ఎందుకు తెచ్చుకోవడం?

మరి ఏం చేయాలి? ఉన్నదాన్ని బాగు చేయించాలి. మన సేద్యంలోనూ బయటి సరుకు వేసే ముందు నేలలో ఏముందో చూస్తాం కదా, ఇదీ అంతే.

మొదట కొలవండి. చదునైన చోట ఖాళీ బండి నిలబెట్టి, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా నాలుగు వైపులా టేపు పెట్టండి. ఎడమ కుడికి తేడా ఉంటే ఏ కట్ట కుంగిందో తెలిసిపోతుంది. తర్వాత కట్టలు విప్పించండి. వీడియోలో చూపించినట్టు, పట్టీల మధ్య తుప్పు పేరుకుని అన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. పట్టీలు ఒకదాని మీద ఒకటి జారితేనే కమాన్ ఆడుతుంది. తుప్పు పట్టిన కట్ట కమాన్ కాదు, ఇనుప దుంగ. వైరు బ్రష్‌తో రుద్ది, సెంటర్ బోల్టు రంధ్రం చుట్టూ, చెవి మొదట్లో పగుళ్లు వెతకాలి. పగులు కనబడితే ఆ పట్టీ మార్చాల్సిందే. వెల్డింగ్ మాత్రం వద్దు. స్ప్రింగ్ ఉక్కు వెల్డింగ్ వేడికి పెళుసై, అతుకు పక్కనే విరుగుతుంది.

పగులు లేకుండా వంపు మాత్రమే పోయిన పట్టీలకు మళ్లీ వంపు పెట్టించవచ్చు. అయితే కొలిమిలో ఎర్రగా కాల్చి సుత్తితో వంచి ఇచ్చేస్తే కొన్నాళ్లకే మళ్లీ కుంగుతుంది. పట్టీని సుమారు 900 డిగ్రీలకు కాల్చి, నూనెలో ముంచి, మళ్లీ తక్కువ వేడిలో టెంపర్ చేయాలి. ఆ పని చేసే కమాన్ షాపుకే ఇవ్వండి. ఎడమ కుడి రెండూ కలిపి చేయించండి. తిరిగి పెట్టేటప్పుడు పట్టీల మధ్య గ్రాఫైట్ గ్రీజు పలుచగా చాలు. ఎక్కువైతే దుమ్ము పట్టి ఆకురాయిలా అరగదీస్తుంది.

అప్‌గ్రేడ్ అసలే వద్దనడం లేదు. మూడు చోట్ల డబ్బు పెట్టండి. ఒకటి, యు బోల్టులు, సెంటర్ బోల్టులు కొత్తవి. పాత యు బోల్టు ఒకసారి సాగాక మళ్లీ పట్టు ఇవ్వదు. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాలి. రెండు, గ్రీజు నిపుల్ ఉన్న పిన్నులు, మంచి బుష్‌లు. రబ్బరు బుష్ అయితే బండి బరువు చక్రాల మీద ఆనాకే చివరి బిగింపు ఇవ్వాలి, లేకపోతే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. మూడు, షాకబ్జార్బర్లు. కమాన్ బరువు మోస్తుంది, ఊగడం ఆపేది షాకబ్జార్బరే. బండి మూల నొక్కి వదిలితే మళ్లీ మళ్లీ ఊగుతోందంటే అది పోయినట్టే. కొత్తది కొనేటప్పుడు పొడవు చూడండి. కమాన్ పూర్తిగా నొక్కుకున్నా, పూర్తిగా వేలాడినా అది ఆఖరుకు తగలకూడదు. తక్కువ పట్టీలతో వచ్చే పారాబోలిక్ కమాన్లు మెత్తగా ఉంటాయి, నిజమే. కానీ మీ బండికి, మీ బరువుకు లెక్క కట్టి చేసినవి దొరికితేనే వాటి జోలికి వెళ్లండి.

అసలు మార్పు బండిలో కాదు, బరువులో రావాలి. ఆ 220 కిలోల్లో 200 కిలోలు నీళ్లే! పొలంలో బోరు పెట్టుకుని, ఊళ్లోంచి జీపు మీద నీళ్లు మోయడం ఏమిటి? డ్రమ్మును పొలంలోనే చెట్టు నీడన ఉంచండి. పేడ, మూత్రం, బెల్లం, పిండి మాత్రం తీసుకెళ్లండి, ఎకరానికి పాతిక కిలోలు కూడా దాటదు. రోజుకు రెండుసార్లు కలపడానికి పొలానికి వెళ్లాలి కదా అంటే, రైతు పొలానికి వెళ్లడం కొత్తేమీ కాదు. నీళ్లు లేని చెలకకు మోయక తప్పదంటే ఎద్దుల బండి, ట్రాక్టరు ట్రాలీ ఉన్నాయి. జీపులోనే వేయాలంటే నిలువు డ్రమ్ము వద్దు, సగం నిండిన డ్రమ్ము అసలే వద్దు. లోపలి నీళ్లు పక్కకు కొట్టి బండిని లాగేస్తాయి. మూత బిగించిన 50 లీటర్ల క్యాన్లు నిండుగా నింపి, కింద వరసగా పేర్చి, తాడుతో కట్టండి.

ఇంకొక్క మాట. కమాన్ ఎంత బాగున్నా తడి నేలలోకి జీపు దింపకండి. వానపాములు గుల్ల చేసిన మట్టిని చక్రాలు తొక్కి గట్టిపరుస్తాయి. బండ్లబాట దాకానే జీపు, అక్కడి నుంచి మనిషే.

బండిని బరువుకు తగ్గట్టు మార్చడం కాదు, బరువును బండికి తగ్గట్టు మార్చుకోవాలి. అలా చూసుకుంటే తాత కొన్న జీపు మనవడి చేతికి కూడా పనిచేసే స్థితిలోనే అందుతుంది.