కారు మెరుస్తుంది సరే... నీళ్ళెక్కడివి?

ఎండలు ముదిరాయంటే చాలు, పేపర్లో రెండు రకాల వార్తలు పక్కపక్కనే కనిపిస్తాయి. ట్యాంకరు కోసం బిందెల బారులు ఒకటి. కారు కడిగినందుకు జరిమానా అన్నది రెండోది. 2024 మార్చిలో బెంగుళూరు జలమండలి తాగునీటితో కార్లు కడగడాన్ని నిషేధించింది. మాట వినకపోతే 5,000 రూపాయలు! కొద్దిరోజుల్లోనే 22 ఇళ్ళ నుంచి 1.1 లక్షలు వసూలైంది. ఆ వార్త చదివి నవ్వుకున్నవాళ్ళున్నారు. నాకైతే నవ్వు రాలేదు. మన హైదరాబాదు తాగే కృష్ణ నీళ్ళయినా, ఎల్లంపల్లి నుంచి వచ్చే గోదావరి నీళ్ళయినా వంద కిలోమీటర్లకు పైగా మోటార్ల మీద ఎక్కి వస్తున్నవే కదా!

"ఇంటి ముందు కడగొద్దంటే వాటర్ సర్వీసింగుకి ఇచ్చేస్తే పోలా" అంటారు మావారు. నిజమే, పోతుంది. కానీ నీళ్ళ ఖర్చు పోతుందా, వీధి చివరికి మారుతుందా?

ఒకసారి లెక్క వేసి చూడండి. పైపు పెడితే 15 లీటర్ల బకెట్టు నిమిషంన్నరలో నిండిందనుకోండి. అంటే నిమిషానికి 10 లీటర్లు. పావుగంట కడిగితే 150 లీటర్లు. అదే బకెట్టూ మగ్గూ పట్టుకుంటే మూడు బకెట్లు, 45 లీటర్లతో సరిపోతుంది. సర్వీసింగ్ సెంటర్లో గన్నుతో కొడతారు. ఒత్తిడి ఎక్కువ కాబట్టి మురికి త్వరగా వదులుతుంది, నీళ్ళూ ఆదా అవుతాయి. అయితే నురగ పట్టించేటప్పుడు, తుడిచేటప్పుడు గన్ను కట్టేస్తేనే సుమా!

అందుకే నేను ధర అడగడానికి ముందు "నీళ్ళెక్కడివి బాబూ?" అని అడుగుతాను. "బోరువే అమ్మా, బోలెడున్నాయి" అంటాడు కుర్రాడు. ఆ బోరు లాగేది మన వీధి కింది నీళ్ళనే. పక్క సందులో బోర్లు ఎండిపోయి ట్యాంకరు తెప్పించుకునేవాళ్ళకి ఆ బోలెడు నీళ్ళు ఎవరివో బాగా తెలుసు. కడిగిన నీళ్ళని తొట్టెలో నిలవబెట్టి, ఇసుక కిందికి దిగాక, నూనె తెట్టు తీసేసి మళ్ళీ వాడుకునే ఏర్పాటు ఉన్న షాపులూ ఉన్నాయి. ఆ తొట్టె చూపించమనండి. కడిగిన నీళ్ళు తిన్నగా మోరీలోకి పోతుంటే, గ్రీజూ షాంపూ కలిసి చివరికి చెరువులోకే చేరతాయి.

ఇక కారు సంగతి. అన్ని బళ్ళకీ ఒకే గుడ్డ వాడుతున్నారేమో గమనించండి. గుడ్డలో ఇరుక్కున్న ఇసుక రేణువులే పెయింటు మీద సన్నని గీతలు గీస్తాయి. ముందు వట్టి నీళ్ళతో దుమ్ము వదిలించాలి, ఆ తర్వాతే చెయ్యి వెయ్యాలి. గిన్నెల సబ్బు, బట్టల సబ్బు వాడితే పైనున్న మైనపు పూత పోతుంది. కార్లకని చేసిన షాంపూయే కావాలి. గన్నుని మరీ దగ్గరగా పెట్టి కొడితే పెయింటు అంచులు లేస్తాయి, తలుపుల రబ్బరు లోంచి నీళ్ళు దూరతాయి. ఇంజను మీద కొట్టనివ్వకండి. వైర్లూ సెన్సర్లూ తడిస్తే కడిగిన ఖర్చుకి పదింతలు రిపేరుకి పెట్టాలి. బోరు నీళ్ళల్లో ఉప్పెక్కువ కాబట్టి ఎండలో ఆరనిస్తే తెల్ల మచ్చలు పడతాయి. నీడన కడిగి, వెంటనే మెత్తటి గుడ్డతో తడి లేకుండా తుడవాలి.

మనకి మాత్రమే తట్టే విషయాలు రెండున్నాయి. కారు తాళంతో పాటు ఇంటి తాళాలు ఇవ్వకండి. డాష్‌బోర్డు అరలోని కాగితాలూ, పెళ్ళికెళ్ళి వచ్చినప్పుడు మరిచిన నగల పెట్టే ముందే తీసెయ్యండి. బండి తీసుకున్నాక రెండు మూడు సార్లు మెల్లగా బ్రేకు నొక్కి చూసుకోండి. తడిసిన బ్రేకు మొదట సరిగ్గా పట్టదు.

రోజంతా తడిలో నిలబడే పనివాళ్ళ కాళ్ళకి బూట్లున్నాయా, చేతులకి గ్లవ్స్ ఉన్నాయా? మందులతో ఒరిసిన వేళ్ళు చూశాక కారు మెరుపు నాకు ఆనట్లేదు. గుడ్డ పట్టుకున్నవాడు బడికెళ్ళాల్సిన పసివాడైతే అక్కడినుంచి వచ్చెయ్యండి. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలచేత ఇలాంటి పని చేయించడాన్ని 2016 చట్ట సవరణ నిషేధించింది.

జరిమానా వేస్తే ఇంటి ముందు పైపు ఆగుతుందేమో గానీ, షాపులో మోటారు ఆగదు. బేరమాడి యాభై తగ్గించుకునే నేర్పు మనకుంది కదా, ఆ నోటితోనే నీళ్ళ మాట కూడా అడుగుదాం. తొట్టె కట్టిన షాపుకి ఆ యాభై ఎక్కువిచ్చినా నష్టం లేదు. పదిమంది అలా అడిగితే, కట్టనివాడు కూడా కట్టక చస్తాడా? ఏమంటారు?