పరుగు పందెమూ పుష్యమాసపు చలీ

బహ్రెయిన్ ద్వీపపు పడమటి తీరాన ఉన్న జల్లాఖ్‌లో జనవరి ఉదయాలు తెలుగు కుటుంబాలను ఒక వింత సందేహంలో పడవేస్తాయి. సెలవునాడు సముద్రతీరానికి వచ్చిన పిల్లవాడు నాలుగడుగులు పరుగెత్తబోగానే "ఒరేయ్, చెవుల్లోకి గాలి పోతుంది, టోపీ పెట్టుకో" అని అమ్మమ్మ కేక వేస్తుంది. అదే పిల్లవాడు సెప్టెంబరు సాయంకాలం, చొక్కా పిండితే నీళ్లు కారే ఉక్కపోతలో రెండు గంటలు బంతాట ఆడి వస్తే మాత్రం "ఆడుకోనీ, ఒళ్లు గట్టిపడుతుంది" అని ఊరుకుంటారు. శరీరధర్మశాస్త్రం దృష్టిలో ఈ రెండు తీర్పులూ తలక్రిందులైనవే.

ఇది ఇంటి ముచ్చటగా తోచవచ్చును గాని, ఇందులో పిల్లల ఆరోగ్యమూ, కొందరి విషయంలో వారి క్రీడాభవిష్యత్తూ ఇమిడి ఉన్నాయి. గల్ఫ్‌లో పెరిగిన మన పిల్లలు పై చదువులకు అమెరికాకు వెళ్లడం సర్వసాధారణమైంది. అక్కడి కళాశాలల క్రాస్ కంట్రీ పరుగు శరదృతువు క్రీడ. జాతీయ పోటీ నవంబరులో, చెట్ల ఆకులన్నీ రాలిన తరువాత జరుగుతుంది. పురుషులకు పది కిలోమీటర్లు పచ్చికమీదా మిట్టపల్లాలమీదా పరుగు. 2018లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో, గడ్డకట్టించే చలికి కాస్త ఇవతల, మోర్గన్ మెక్‌డోనాల్డ్ 29 నిమిషాల 8 సెకన్లలో గెలిచాడు. మరుసటి సంవత్సరం ఇండియానాలోని టెర్ర హోట్‌లో చలికి వాన, బురద తోడయ్యాయి. విజేత ఎడ్విన్ కుర్గాట్‌కు 30 నిమిషాల 32 సెకన్లు పట్టింది. మైదానాలు వేరు, పరుగరులు వేరు గనుక ఆ తేడానంతా వాతావరణంమీదకు నెట్టలేము. అయినా పొడిచలి వేరు, తడిచలి వేరు అన్న అనుమానానికి మాత్రం ఈ జంట చోటిస్తుంది.

చలిలో పరుగెత్తేవాడు ఎందుకు చల్లబడిపోడు? చిన్న లెక్క చాలు. మనిషి ఒక కిలోమీటరు పరుగెత్తడానికి శరీరబరువులో కిలో ఒక్కింటికి సుమారు ఒక కిలోకెలరీ ఖర్చవుతుంది. అరవై కిలోల యువకుడు పది కిలోమీటర్లు పరుగెత్తితే ఆరువందల కిలోకెలరీలు. ఇందులో ముప్పాతికకు పైగా, అంటే కనీసం 450, ఉష్ణంగా మారుతుంది. అతని శరీరాన్ని ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి యాభై కిలోకెలరీలు చాలు. కనుక ఆ వేడి బయటకు పోయే దారి లేకపోతే అరగంటలో ఒళ్లు తొమ్మిది డిగ్రీలు పెరగాలి. అంతకు ఎంతో ముందే ప్రాణం పోతుంది. పరుగరి కండరాలు మండే పొయ్యి వంటివి. ఆ పొయ్యికి చల్లగాలి శత్రువు కాదు, పొగగొట్టం.

వేసవిలో ఈ పని చెమట చేస్తుంది. ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలోకెలరీల వేడిని వెంట తీసుకుపోతుంది. ఆవిరైతేనే సుమా! గల్ఫ్ తీరపు తేమగాలిలో చెమట ఆవిరి కాక నేలకు కారిపోతుంది; నీరు నష్టం, చల్లదనం శూన్యం. బయటి దేశాల ఉదాహరణలు వెదకనక్కరలేదు. పొరుగునే ఉన్న దోహాలో 2019 సెప్టెంబరులో ప్రపంచ మహిళల మారథాన్‌ను అర్ధరాత్రి మొదలుపెట్టినా, ముప్పై దాటిన ఉష్ణోగ్రతలో, డెబ్బై శాతం దాటిన తేమలో 68 మందికి గాను 28 మంది మధ్యలోనే విరమించారు. రజతపతకం బహ్రెయిన్ తరఫున పరుగెత్తిన రోజ్ చెలిమోకు దక్కడం ఇక్కడివారు మరచిపోలేదు. 2007లో మొంబాసా ప్రపంచ క్రాస్ కంట్రీ పోటీలో ఉక్కకు తాళలేక చివరిచుట్టులో విరమించినవాడు సామాన్యుడు కాదు, ఆ పోటీలకు చక్రవర్తి వంటి కెనెనీసా బెకెలే.

1997లో అబర్డీన్ పరిశోధకులు గాలోవే, మాగన్ ఎనిమిది మంది యువకులచేత స్థిరసైకిలు తొక్కించి, ఏ ఉష్ణోగ్రతలో ఎంతసేపటికి అలసిపోతారో కొలిచారు. 11 డిగ్రీల వద్ద 93 నిమిషాలు, 4 డిగ్రీల వద్దనూ 21 డిగ్రీల వద్దనూ 81 నిమిషాలు, 31 డిగ్రీల వద్ద 52 నిమిషాలు. అంటే మనం "వణికించే చలి" అనుకునే 4 డిగ్రీలూ, "హాయిగా ఉంది" అనుకునే 21 డిగ్రీలూ సహనశక్తి విషయంలో ఒక్కటే! జల్లాఖ్ జనవరి సగటున 14 నుండి 20 డిగ్రీల నడుమ ఉంటుంది. దానికి భయపడి పిల్లవాణ్ణి ఇంట కూర్చోబెట్టడం కేవలం అలవాటు.

అయితే చలి పూర్తిగా నిర్దోషి అనడం కూడా సరికాదు. చల్లబడిన కండరం బిగుసుకుంటుంది. కండరపు ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తగ్గితే దాని శక్తి అయిదు శాతం వరకు తగ్గవచ్చు. ప్రారంభరేఖ వద్ద బనియనుతో పావుగంట నిలబడ్డవాడు మొదటి కిలోమీటరులోనే వెనుకబడడానికి కారణం ఇదే. సున్న డిగ్రీల గాలి ఘనమీటరుకు అయిదు గ్రాముల తేమను మాత్రమే మోయగలదు. ఊపిరితిత్తులకు చేరేసరికి అది 44 గ్రాములు కావాలి. మిగిలినదంతా శ్వాసనాళపు పొరలే ఇవ్వాలి. ఉబ్బసం ఉన్న పిల్లలకు అక్కడే గొంతు పట్టుకుంటుంది. ఇక జలుబు సంగతి: వైరస్ లేకుండా చలిగాలి ఒక్కటే జలుబును పుట్టించలేదు. తలుపులు మూసుకుని పదిమంది కూర్చున్న గదే దానికి అనువైన చోటు.

అన్నిటికన్న ప్రమాదం గాలీ తడీ కలిసినప్పుడు. పది డిగ్రీల ఉష్ణోగ్రతలో గంటకు ముప్పై కిలోమీటర్ల గాలి వీస్తే చర్మానికి అది ఏడు డిగ్రీలవలె తోస్తుంది. బట్ట తడిస్తే నష్టం మరెన్నో రెట్లు. 2021 మే నెలలో చైనాలోని గాన్సు రాష్ట్రంలో నూరు కిలోమీటర్ల కొండపరుగు జరుగుతుండగా వడగండ్లవాన, ఈదురుగాలి హఠాత్తుగా కమ్ముకుని 172 మందిలో 21 మంది మరణించారు. పలువురి ఒంటిమీద పలుచని చొక్కాలు, పొట్టి లాగులే ఉన్నాయి. చలికి భయపడవలసిన సందర్భం అదీ.

రెంటచింతల ఎండనూ, లంబసింగి మంచునూ ఒకే భాషలో చెప్పుకునే జాతి మనది. కానీ 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాలలో వెయ్యిమందికి పైగా వడదెబ్బకు బలైనా, పిల్లలను కాపాడడానికి మనం మొదట వెదికేది ఉన్ని టోపీనే. బహ్రెయిన్ ప్రభుత్వం 2007 నుండి వేసవి మధ్యాహ్నాలలో ఆరుబయట కూలిపనిని నిషేధించింది. 2025లో ఆ గడువును మూడు నెలలకు పెంచింది. ఆ ఎండలో పనిచేసేవారిలో మనవారు ఎందరో ఉన్నారు. శ్రామికునికి వర్తించే శాస్త్రం ఆటస్థలంలోని పిల్లవానికి వర్తించదా?

జల్లాఖ్‌కు చేరువనే సఖీర్‌లో బహ్రెయిన్ విశ్వవిద్యాలయం ఉంది. 2009, 2016 సంవత్సరాలలో ఆసియా క్రాస్ కంట్రీ పోటీలకు ఈ దేశమే ఆతిథ్యమిచ్చింది, అదీ శీతకాలం ముగిసే రోజులలోనే. ఇక్కడి పాఠశాలలూ తెలుగు సంఘాలూ కళాశాల విద్యార్థులకు పరుగు పందెం పెట్టదలిస్తే దానికి తగిన కాలం డిసెంబరు చివరినుండి ఫిబ్రవరి వరకు, తగిన వేళ ఉదయం ఎనిమిది. "ఎండెక్కనీ" అని పదకొండు వరకు ఆపడం వ్యర్థం. వాయవ్యం నుండి వీచే షమాల్ గాలి ఇసుకను లేపే రోజున మాత్రం వాయిదా వేయడమే మేలు. అది చలికోసం కాదు, ఊపిరితిత్తుల కోసం. చుట్టుబాటను ఏర్పరచేటప్పుడు గాలికి ఎదురుగా పోయే భాగం ముందు, గాలివాలున వచ్చే భాగం వెనుక ఉండేటట్లు చూస్తే చెమటపట్టిన ఒంటికి గమ్యం దగ్గర చలి కొట్టదు. పందెానికి ముందు పావుగంట నెమ్మది పరుగు, ఆ పావుగంటా ఒంటిమీద స్వెట్టరు, ఉబ్బసం పిల్లల జేబులో వైద్యుడు చెప్పిన ఇన్‌హేలరు ఉండాలి.

గమ్యరేఖ దాటగానే పొయ్యి ఆరిపోతుంది. తడిచొక్కా మాత్రం ఒంటినే అంటిపెట్టుకుని ఉంటుంది. అమ్మమ్మ తన టోపీనీ, పొడి తువాలునూ, ఫ్లాస్కులో వేడి పాలనూ పట్టుకుని నిలబడవలసిన చోటు అదే. అక్కడ ఆమె కేక వేసినా ఏ శాస్త్రవేత్తా కాదనడు.